పైనుంచి మొదటి దెబ్బ

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను నేను తెగ ఏడిపించేదాన్ని. నాలుగు బాటల కాడ నిమ్మకాయ కనిపిస్తే పనిగట్టుకుని తొక్కి పోయే రకం. ఇప్పుడు నేనే ఒకటి చెప్పబోతున్నాను, నవ్వితే నవ్వండి.

మాది కోరుట్ల. జగిత్యాలలో డిగ్రీ, తర్వాత పై చదువులు. ఇప్పుడు ఇంటి నుంచే ఉద్యోగం. అణు రియాక్టర్‌లో ఇంధన కడ్డీల మీద, చుట్టూ పారే నీళ్లలోని ఖనిజాలు పొరగా పేరుకుంటాయి. ఎక్కడ ఎంత మందం కడతాయో కంప్యూటర్‌లో నమూనా కట్టి చెప్పడం నా పని. పొర మందమైతే కడ్డీ వేడెక్కి, పైతొడుగుకు చిల్లు పడొచ్చు.

మా బాపుదీ దాదాపు ఇదే పని. సిరిసిల్లలో నూలుకు గంజి పెట్టే షెడ్డులో బాయిలర్ చూసేవాడు; నీళ్లలోని సున్నం గొట్టాల్లో ఎక్కడ పేరుకుందో కనిపెట్టేవాడు. ఆదివారాలు రుద్రంగి మీదుగా బస్సులో ఇంటికొచ్చేవాడు. చిన్నప్పుడు ఒకసారి నన్ను షెడ్డుకు తీసుకెళ్లి, పానాతో గొట్టం మీద కొట్టి చూపించాడు.

"సున్నం పట్టని కాడ గల్లుమంటది బిడ్డా, పట్టిన కాడ దబ్బుమంటది. ఎప్పుడైనా మీదికెళ్లి కిందికి లెక్కవెట్టుకుంట రావాలె."

ఆయన పోయి రెండేళ్లు.

మొన్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం. ఐదింటికల్లా రిపోర్టు పంపాలి. ఆ కడ్డీలను ఇంకొన్నాళ్లు వాడాలా, తీసేయాలా అనేది దాన్ని చూసే నిర్ణయిస్తారు. నా లెక్కలో పొర ఎక్కడా హద్దు దాటలేదు. పంపేద్దామని కూర్చున్నాను.

అప్పుడే వంటింట్లో, ట్యాంకు నుంచి దిగే ఇనుప పైపు మీద చప్పుడైంది. దబ్. తర్వాత గల్లు, గల్లు. కాసేపాగి మళ్లీ అలాగే. మొత్తం మూడుసార్లు.

వాకిట్లో చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న అమ్మ కేకేసింది.

"ఎవలే గా పైపు కొడుతున్నది? అచ్చం మీ బాపు కొట్టినట్టే ఉన్నది!"

మోటారు ఆపేసి ఉంది. పక్కింటివాళ్లు మెట్‌పల్లికి పెళ్లికి పోయారు. మేడ మీద ఎవరూ లేరు. బాపు పానా ట్రంకుపెట్టెలో, అమ్మ చుట్టిన గుడ్డలోనే ఉంది.

పెట్టె మూసి మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. దబ్బుమన్నది మొదటి దెబ్బ. అంటే, బాపు లెక్కన పైనుంచి మొదలుపెడితే, సున్నం పైనే. నా పట్టికలో మాత్రం కడ్డీ పైభాగమే అన్నిటికన్నా శుభ్రంగా ఉంది. అనుమానమొచ్చి మొదటి నుంచి చూశాను. ఉష్ణోగ్రతలను నేను అలవాటుగా పైనుంచి కిందికి ఎక్కించాను. ప్రోగ్రాం కిందినుంచి పైకి లెక్కపెడుతుంది. నీళ్లు మరిగే పైభాగం నా లెక్కలో అడుగుకు పోయింది; అక్కడ కడ్డీ నుంచి వచ్చే వేడి తక్కువ కాబట్టి పొర పలచగా తేలింది.

తిప్పి నడిపితే పైన పొర హద్దు దాటింది. కడ్డీలు తీసేయాలని రాసి, ఐదుకు పది నిమిషాల ముందు పంపాను. అమ్మ పక్కన కూలబడి ఏడ్చాను. గండం గడిచిందన్న ఏడుపు అది.

"ఇగ ఊకో బిడ్డా, చాయ్ తాగు" అంది అమ్మ.

తర్వాత ప్లంబర్‌ను పిలిచి చూపించాను. పైపులో ఏ లోపమూ లేదన్నాడు.

పైనుంచి లెక్కపెట్టే అలవాటు బాపు నేర్పిందే. తప్పు ఆయన వల్లే జరిగింది, దిద్దిందీ ఆయనేనేమో. ఇప్పుడు ఏ రిపోర్టు పంపాలన్నా, ముందు ఒక్క నిమిషం ఆగి వంటింటి వైపు చెవి పెడతాను. చప్పుడు రాకపోతే హాయిగా పంపేస్తాను.