తొమ్మిదో బకెట్

చోడవరంలో నన్ను అందరూ పైలట్ అంటారు. నేను నడిపేది ట్రాక్టరు. చుట్టుపక్కల ఊళ్ల బెల్లం అనకాపల్లి మార్కెట్టుకి తోలుతుంటాను. బండి ఎక్కేముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి, ప్రతి టైరూ తట్టి, ఆయిల్ చూసి, "బ్రేకులు సరే, లైట్లు సరే" అని పైకి చెప్పుకుంటాను. కూలీలు కొత్తలో నాకు భక్తి ఎక్కువనుకున్నారు. అది ప్రదక్షిణ కాదు. పద్నాలుగు నెలల ఫ్లయింగ్ స్కూల్ చదువులో నాకు మిగిలిన విద్య అదొక్కటే.

ఆ స్కూలు చరిత్ర రాయడానికి నాకన్నా పనికిమాలినవాడు దొరకడు కాబట్టి నేనే రాస్తున్నాను. 2008లో, మా ఊరికి మూడు గంటల దూరంలో, ఎప్పటిదో పాడుబడ్డ రన్‌వే మీద చంద్రమోహన్ గారు దాన్ని పెట్టారు. ఆయన్ని కేప్టెన్ గారనేవాళ్లం. స్కూలు పేరు నీలిరెక్క ఫ్లయింగ్ అకాడమీ. బ్రోచర్‌లో నాలుగు విమానాలుండేవి. రన్‌వే మీద ఒకటే, అదీ ఇద్దరు పట్టేది. మిగతా మూడూ దారిలో ఉన్నాయని మూతపడేదాకా చెబుతూనే ఉన్నారు. విమానం లేచేముందు ఎవరో ఒకరు రన్‌వే మీద గేదెల్ని అదిలించాలి. ఆ డ్యూటీలో మాత్రం నేను క్లాస్ ఫస్ట్.

మా నాన్న పెదబాబు రెండెకరాల చెరుకు పొలం అమ్మి నన్ను అందులో చేర్చాడు. కొడుకు ఒక్కడే విమానం నడుపుతుంటే కింద నిలబడి చూడాలని ఆయన కోరిక.

స్కూల్లో ఒక ఆచారం ఉండేది. ఎవరైనా మొదటిసారి పక్కన గురువు లేకుండా ఎగిరి దిగితే, మిగతావాళ్లం బకెట్ నీళ్లు నెత్తిన గుమ్మరించి, వరసగా నిలబడి చప్పట్లు కొట్టేవాళ్లం. ఎనిమిది మందికి ఆ స్నానం జరిగింది. ఎనిమిదిసార్లూ బకెట్ మోసింది నేనే.

నా వంతూ వచ్చింది. కేప్టెన్ గారు రన్‌వే చివర విమానం దిగి, తలుపు వేసి, "వెళ్లు కిషోర్" అన్నారు. ఖాళీ అయిన పక్క సీటు చూడగానే ఇంజిన్ శబ్దం తేడాగా ఉందన్నాను. ఆయన చెవిపెట్టి విన్నారు. ఏ తేడా లేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. విమానాన్ని నేల మీదే నడుపుకుంటూ, స్టాండుకి తిరిగొచ్చే ఆటోలా వెనక్కి తెచ్చాను. అప్పటికే బకెట్ నిండా నీళ్లు పట్టి ఉంచారు. వాటితో విమానం అద్దాలు కడిగాను.

రెండు నెలలకి ఇంజిన్ నిజంగానే పోయింది, స్కూలు మూతపడింది. అది నాకెంత కలిసొచ్చిందో చెప్పలేను. "నా వంతు వచ్చేసరికి మూసేశారు" అని ఇంట్లో చెప్పాను. నాన్న నమ్మాడు. పదిహేనేళ్లుగా టీకొట్టు దగ్గరా, పెళ్లిళ్లలోనూ, ఆకాశంలో విమానం శబ్దం వినబడినప్పుడల్లా కేప్టెన్ గారిని తిట్టిపోస్తూనే ఉన్నాడు. నేను పక్కనే అన్యాయమైపోయినవాడి మొహం పెట్టుకుని నిలబడేవాణ్ణి. ఆ మొహం నాకు బాగానే కుదిరింది.

మొన్న ఆదివారం పొద్దున్న కేప్టెన్ గారే మా వాకిట్లో దిగారు. మాడుగులలో హల్వా కొనుక్కుని తిరిగి వెళుతూ, విమానం చదువు చదివిన కిషోర్ ఇల్లు ఏదని అడిగితే, పైలట్ ఇల్లా అంటూ ఊళ్లోవాళ్లు చూపించారట. డెబ్బై దాటాయి, చేతిలో కర్ర. అప్పుడు నేను ట్రాక్టరు చుట్టూ తిరుగుతూ టైర్లు తడుతున్నాను. ఆయన కాసేపు చూసి, "ఎడమ రెక్క చూశావా?" అని నవ్వారు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. నాన్న కుడితి బకెట్‌తో గేదెల దగ్గరికి వెళ్తూ ఆగాడు.

వచ్చిందెవరో తెలియగానే మొదలుపెట్టాడు.

"నువ్వేనేటి ఆ కేప్టెనువి? పదిహేనేళ్లనుంచీ ఎతుకుతన్నాను బాబూ. మా గుంటడు ఒక్కడే ఎగిరితే సూడాలని పొలం అమ్మేసేను. ఆడి వంతు వచ్చేసరికి బడి మూసేసేవు. సెప్పు, ఎందుకు మూసేసేవు?"

కేప్టెన్ గారు నావైపు ఒక్కసారి చూశారు. హల్వా డబ్బా అరుగు మీద పెట్టి, కర్రను ట్రాక్టరుకి ఆనించి, చేతులు జోడించారు. "తప్పు నాదేనండి. మీ అబ్బాయికి అన్యాయం చేశాను."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవడంలో నాకు పదిహేనేళ్ల అనుభవం. కానీ ఆయన జోడించిన చేతులు దించలేదు. నాకు సిగ్గేసింది, తల ఎత్తలేనంత సిగ్గేసింది.

"నాన్నా, ఆయన తప్పేటీ లేదు. నాకూ అవకాశం ఇచ్చేరు. ఆయన దిగిపోయి నన్ను ఎళ్లమన్నారు. నాకు బయమేసింది. ఇంజిన్ బాగోలేదని అబద్దం ఆడేను."

నాన్న నావైపు తిరిగాడు. పొలం గురించి అడుగుతాడనుకున్నాను.

"ఇన్నేళ్లూ ఈ పెద్దమనిసిని నా నోటితో తిట్టించీసేవు కదరా!" అన్నాడు. చేతిలో ఉన్న కుడితి బకెట్ ఎత్తి నా నెత్తిన బోర్లించాడు.

తవుడూ గంజీ కళ్ల మీంచి కారుతున్నాయి. నాన్నకు మా స్కూలు ఆచారం తెలీదు, నేనెప్పుడూ ఇంట్లో చెప్పలేదు. ట్రాక్టరుకి ఆనించిన కర్ర జారి కింద పడింది. కేప్టెన్ గారు దాన్ని పట్టించుకోకుండా, నిటారుగా నిలబడి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు.