తాతయ్య చీర కట్టిన పొద్దు

నా చిన్నప్పుడు, భయం వేస్తే మనిషికి కాళ్లు వణుకుతాయనీ నోరు ఎండిపోతుందనీ మాత్రమే తెలుసు. ఆ భయం తల్లిపాలను కూడా ఆపేయగలదని మొవ్వ దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో కళ్లారా చూశాను.

అవి వేసవి సెలవులు. మా పిన్ని పురిటికి పుట్టింటికి వచ్చింది. తొలిచూలు బిడ్డ పురిట్లోనే పోయింది. ఈసారి ఆడపిల్ల పుట్టింది గానీ పిన్నికి పాలు పడలేదు. బందరు నుంచి పాలసొర చేపలు తెప్పించి వండి పెట్టారు, వెల్లుల్లి వేయించి తినిపించారు. గుడివాడ నుంచి వచ్చిన డాక్టరమ్మగారు ఒంట్లో లోపమేమీ లేదన్నారు. ఉగ్గుగిన్నెతో పట్టిన ఆవుపాలను పిల్ల కక్కేసేది. దాని ఏడుపు రోజురోజుకీ సన్నబడుతోంది. పైగా ఇరుగమ్మా పొరుగమ్మా వచ్చి "పాలు పడ్డాయా అమ్మాయ్?" అని ఒకటే ఆరాలు. ఆ మాట వినబడితే చాలు, పిన్ని చేతులు వణికేవి. ఈ బిడ్డా దక్కదేమోనని పిల్లను ఒళ్లోకి తీసుకోవడానికే జంకేది.

ఒక సాయంత్రం ఎవరిదో కుక్క దొడ్లోకి దూరి మొరిగింది. దాంతో మా గేదె చేపడం మానేసింది. అమ్మమ్మ ఎంత నిమిరినా చుక్క పాలు దిగలేదు. "పొదుగు నిండా పాలున్నాయే. బెదిరిన ఒంట్లోంచి పాలు రావు, అంతే" అంది నాతో. ఆ మాట అంటూనే చెయ్యి ఆపి, పిన్ని పడుకున్న గది వైపు చాలాసేపు చూసింది.

మర్నాడు పొద్దున్నే అమ్మమ్మ వీధి తలుపు గడియ పెట్టేసింది. గాలి తగులుతుందని పిన్ని మంచం దొడ్డివైపు వసారాలో వేయించింది. చూస్తే అమ్మమ్మ మణికట్టుకు కట్టు. చెయ్యి బెణికిందట! ఆ గేదె అమ్మమ్మకు తప్ప ఎవరికీ చేపదు. ఇంట్లో పితకడం వచ్చిన ఇంకో చెయ్యి తాతయ్యదే. "నా చీర వాసన తగిల్తే గానీ అది నిలబడదండీ" అంది అమ్మమ్మ.

మా తాతయ్య ఎవరనుకున్నారు? ఊరి తగవులు తీర్చే మనిషి. ఆయన వీధిలోకి వస్తున్నారంటే పిల్లలం ఆట ఆపి పక్కకు తప్పుకునేవాళ్లం. అంతటి మనిషి, బుర్రమీసాలతో, అమ్మమ్మ పాత నేతచీర చుట్టుకుని, ముంజేతికి సగం దాకా ఎక్కిన గాజులతో దొడ్లోకి వచ్చారు. గేదె తల తిప్పి వాసన చూసింది. దూడ మాత్రం దూరం జరిగింది.

"కొంగు నిండుగా కప్పుకోండీ, దూడ సిగ్గుపడతంది" అంది అమ్మమ్మ.

"నవ్వారంటే గేదె బెదురుద్ది, నోరు మూసుకోండే!" అని గదమాయించారు తాతయ్య, గాజులు గలగలలాడిస్తూ.

పిన్ని పెదవి కొరికి ఆపుకుంది. ఆగలేదు. పక్కున నవ్వింది. మంచంపట్టె పట్టుకుని, కళ్లవెంట నీళ్లు కారేలా నవ్వింది. ఆ నవ్వుకు పిల్ల లేచి ఏడిస్తే, నవ్వుతూనే చటుక్కున తీసి గుండెకు హత్తుకుంది. చేతులు వణకలేదు. అప్పుడు చూశాను, పిన్ని రవిక తడిసిపోతోంది! కాసేపటికి పిల్ల గుటకలు వేస్తున్న చప్పుడు వినిపించింది. అటు చెంబులో పాలధారలు పడుతున్న చప్పుడు. అన్ని మందులకూ లొంగనిది ఒక్క నవ్వుకు ఎలా లొంగిందో, ఆ పాలు అంతవరకూ ఎక్కడ దాగి ఉన్నాయో నా బుర్రకు అందలేదు. తాతయ్య ఇటు తిరగలేదు గానీ ఆయన మీసాలు తడిగా ఉన్నాయి.

మధ్యాహ్నం అమ్మమ్మ ఆ చేత్తోనే బావిలోంచి నీళ్లు తోడుతోంది. కట్టు లేదు! పరుగున వెళ్లి, "అమ్మమ్మ చెయ్యి బెణకలేదు తాతయ్యా, ఉత్తదే!" అని చెప్పేశాను. ఆయన కండువా దులిపి భుజాన వేసుకుంటూ, "తెలుసులేవే. ఆ కట్టు కట్టింది నేనేగా" అన్నారు.

ఆ చంటిపిల్లకు ఇప్పుడు జుట్టు నెరిసింది. నాకూ బీపీ వచ్చింది, మాత్రలు వేసుకుంటున్నాను. టెన్షన్ పడకండి అని డాక్టరుగారు అన్నప్పుడల్లా, పడొద్దంటే పడకుండా ఉండే మనిషెవరు అనుకుంటాను. అందుకే నేను ఎవరింట్లో జబ్బు మనిషిని చూడబోయినా ఎలా ఉంది, తగ్గిందా అని అడగను. పక్కన కూర్చుని మా తాతయ్య చీర కట్టిన సంగతి చెబుతాను. బిడ్డ కోసం ఆయన ఆ పొద్దున పక్కన పెట్టిన పరువును ఇన్నేళ్లుగా ఊరూరా ఇలా వాడుకుంటూనే ఉన్నాను.