జరీ అంచుతో తుడిచిన కారు

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి, నా సిగ్గు మీతో చెప్పుకుంటాను. ఫిల్మ్ నగర్‌లో ఒక నిర్మాత గారింట్లో వంట చేస్తున్న రోజులవి. ఆ ఉదయం డ్రైవర్ యాదగిరి నల్లకారు కడిగి, తుడిచే బట్ట తేవడానికి పెరట్లోకి వెళ్లాడు. ఎండ చురుక్కుమంటోంది. బోరు నీళ్లు అలాగే ఆరితే తెల్లమచ్చలు పడతాయి కదా, సాయం చేద్దామని అమ్మగారు చిరిగిందని ఇచ్చిన పట్టుచీర ముక్కతో గబగబా రుద్దేశాను. పట్టు మెత్తన అనుకున్నాను గానీ దాని జరీ అంచు సంగతి తోచలేదు. బానెట్ నిండా గీతలు పడ్డాయి.

సినిమా ముహూర్తానికి బయల్దేరుతూ అయ్యగారు చూశారు.

"ఎవరు తుడిచారిది?"

నేను చీర ముక్కను కొంగు కింద దాచుకున్నాను. అది యాదగిరి చూశాడు.

"నేనే సార్," అన్నాడు.

"తాళాలిచ్చి వెళ్లు. రేపట్నుంచి రావద్దు."

అతను గేటు దాటాక గానీ నాకు మాట రాలేదు. "తుడిచింది నేనండీ," అన్నాను. అయ్యగారు నన్ను చీవాట్లు పెట్టి, అతన్ని వెనక్కి పిలిచారు.

తర్వాత టీ ఇస్తూ, "నీ మీద ఎందుకేసుకున్నావయ్యా?" అని అడిగాను.

"నువ్వు జెప్తవనుకున్న అక్కా. గేటు దాక జర మెల్లగనే నడిసిన," అని నవ్వాడు.

నేను తలెత్తలేకపోయాను. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో ఎవరికీ నిజం చెప్పడానికి అంతసేపు పట్టకూడదు.