అక్క వాటా

సమానంగా పంచిన తరువాత కూడా ఒకరికే ఎక్కువ దక్కితే, మీరు ఎవరిని ప్రశ్నిస్తారు? పంచినవారినా, పుచ్చుకున్నవారినా? కాలేజీ డిబేట్లలో నేను ఏ పక్షమైనా వాదించేదాన్ని. తణుకులో మా ఇంట్లో జరిగినదానికి మాత్రం నా దగ్గర వాదన లేదు. దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను.

మా ముందు గదిలో ఒక చిన్న సర్వర్ ఉంది. అందులో రెండు వర్చువల్ మెషీన్లు, అంటే ఒకే పెట్టెలో రెండు కంప్యూటర్లు ఉన్నట్టుగా నడిచే ఏర్పాటు, నేనే చేశాను. ఒకటి నాది. రెండోది పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే మా అక్కది. వీడియో పనికి కావలసిన గ్రాఫిక్స్ కార్డు విడిగా లేదు కనుక, ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ శక్తిని ఇద్దరికీ చెరిసగం పంచాను.

అక్క దసరాకు ఆ పెట్టెకు బొట్టు పెట్టింది. పని మొదలుపెట్టినప్పుడల్లా, "సర్వర్ గారూ, కాస్త తొందరగా కానివ్వండి" అంటుంది.

నేను నవ్వితే, "నువ్వూ ఓసారి అండీ అని చూడవే, నీ డిగ్రీ ఏమీ అరిగిపోదులే!" అనేది.

ఆ రోజు సాయంత్రానికి అక్క పెనుగొండ పెళ్లివారికి వీడియో ఇవ్వాలి. నేను డిబేట్ పోటీకి నా ప్రసంగం వీడియో పంపాలి. రెండు వీడియోలూ సగం తయారయ్యేసరికి కరెంటు పోయింది. ఇన్వర్టర్ అప్పటికే రిపేరులో ఉంది. సర్వర్ ఫ్యాన్ ఆగిపోవడం ఇద్దరమూ విన్నాం.

సాయంత్రం కరెంటు వచ్చింది. నా ఫైలు తెరుచుకోలేదు. అక్క వీడియో పూర్తయి ఉంది.

పైగా అందులో అక్క పెట్టని దృశ్యం ఒకటుంది. అప్పగింతల వేళ పెళ్లికూతురి తండ్రి పందిరి గుంజ చాటుకు వెళ్లి కండువాతో కళ్లు తుడుచుకోవడం. మసగ్గా ఉందని అక్క దాన్ని నా ఎదుటే తీసేసింది. పెళ్లివారు ఆ ఒక్క ముక్కనే మళ్లీ మళ్లీ వేయించుకున్నారట.

అక్క ఆశ్చర్యపోలేదు. "చాలా శ్రమ తీసుకున్నారండీ" అంటూ పెట్టెను నిమిరింది. నా పోటీ గడువు దాటిపోయింది.

మర్నాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేనూ "అండీ" అన్నాను. ఏమీ జరగలేదు. నాకు భయం వేయలేదు, కడుపు మండింది. ఏర్పాటు నాది, పంపకం నాది. అదేమిటో కానీ, ఉంటే గింటే, అది అక్క పక్షానే ఎందుకు నిలబడాలి?

ఇది నేటికీ నాకు అంతుపట్టలేదు. ఈ పని తెలిసినవారు దయచేసి ఒకసారి మా ఇంటికి రండి. సర్వర్ విప్పి చూడండి. నా పంపకంలో తప్పెక్కడుందో చూపించండి. అక్క మంచి పనిమంతురాలని మాత్రం చెప్పకండి. అది నాకు తెలుసు.