మా వదిన సేద్యం

మా ఆయన అక్క, నాకు వదిన, పోయిన బుధవారం పొద్దున పోయింది. సర్జాపుర దగ్గర తన తోటలో ఆకుకూరలు కోయిస్తూ కూలబడిందట. ఫోను నాకు రాలేదు, మా ఆయనకీ రాలేదు. మా అమ్మాయికి వచ్చింది. అంత బాధలోనూ అది నాకు గుచ్చుకుంది.

వదిన మీద నాకు అసూయ. మనిషి పోయాక తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు.

చలికాలం ఆదివారాల్లో నానేసిన అనపగింజలు తీసుకుని బొమ్మనహళ్ళిలో మా ఇంటికి వచ్చేది. అందరం చుట్టూ కూర్చుని తొక్క ఊడేలా పితికేవాళ్ళం. నా కూతురు ఆమె మోకాలికి ఆనుకుని కూర్చునేది. నేను డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతాను కాబట్టి వేళాకోళం నా మీదే.

"ఏమ్మా లెక్చరరమ్మా, సేద్యం దేశానికి ఏమిస్తాదని చెప్తాండావు పిల్లోళ్ళకి?"

"తిండి, మిల్లులకు సరుకు, కోట్లమందికి పని. కానీ దేశం ఎదిగేకొద్దీ ఆదాయంలో దాని వాటా తగ్గుతుంది వదినా."

"నేనేం తగ్గలేదప్పా. మీరు పెరిగినారు, అంతే."

అందరూ నవ్వేవారు. నేను చెప్పిందీ అదేనంటే వినేవారెవరు? తగ్గే ఆ వాటానే ఇంకా అంతమంది పంచుకోవాలన్నది నా భయం. మా అమ్మాయి బీకాం అయ్యాక ఉద్యోగం వద్దు, తోటలో ఉంటానంది. ఆ మాట కూడా ముందు చెప్పింది అత్తకే.

"దాన్ని తోటకి రావద్దని చెప్పి పంపెయ్యి వదినా" అని బతిమాలాను.

"నేను పిల్చలేదమ్మా. పొమ్మనేది నువ్వే చెప్పు. నా నోట రాదు."

ఆ రోజు వదిన కోపంగా వెళ్ళిపోయింది. అయినా గుమ్మం పక్కన కొత్తిమీర పెట్టే పోయింది, వేర్ల మట్టితో సహా. నా వంటలో రుచంతా ఆమె పెట్టిందేనేమో. నిజంగా నాకు తెలీదు.

వదిన పోయిన మూడో రోజు తోటకి వెళ్ళాం. పనివాళ్ళు వచ్చి ఏం చేయమంటారని అడిగారు. మా ఆయన నా వైపు చూశాడు. కౌలుకిచ్చేద్దాం అనబోయాను.

"మెంతి మడులకి నీళ్ళు కట్టండప్పా, ఎండిపోతా ఉండాది" అంది మా అమ్మాయి. నా ఇంట్లో ఎప్పుడూ మాట్లాడని యాస.

ప్యాంటు పైకి మడిచి, పార తీసుకుని, తనే గట్టు తెంపింది. ఒక్కసారి తలెత్తి చూస్తుందేమోనని నిలబడ్డాను. నీళ్ళు ఒక మడి నిండి పక్క మడిలోకి తిరిగాయి. తను వాటి వెంటే నడుస్తూ పోయింది.