కరివేపాకు మొక్కకు బస్సులో వైద్యం

టేకులపల్లిలో బస్సెక్కిన ఆ పెద్దమనిషికి పెరటి మొక్కల గురించి తెలియనిది లేదట. టికెట్ తీసుకోకముందే ఆ సంగతి ఆయనే చెప్పాడు. గులాబీ పూయడం లేదా? టీపొడి వెయ్యి. మిరపాకు ముడుచుకుందా? బూడిద చల్లు. ఎవరేం అడిగినా కళ్ళు మూసుకుని జవాబిస్తున్నాడు. ఆరో తరగతిలోనే బడికి దండం పెట్టిన నాకే నవ్వు ఆగలేదు. అడవి అంచున పుట్టి పెరిగిన జనం మాత్రం నోళ్ళు తెరుచుకుని వింటున్నారు.

నేనూ ఒకటి విసిరాను. "మా నిమ్మచెట్టు కాస్తలేదు సారూ, మా ఇంటామె ఊకె కసురుకుంటది. ఏం వెయ్యాలె?"

"వేపపిండి."

"చెట్టుకా సారూ, ఆమెకా?"

ఆయన నన్ను వదిలేసి పక్క సీటు వైపు తిరిగాడు. అక్కడ ఒకామె పాలకవరులో నాటిన కరివేపాకు మొక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మా వాకిట్ల మూడు మొక్కలు చచ్చినయ్ సారూ. ఇది మా అక్కోళ్ళ ఊరి నుంచి తీస్కపోతున్న. ఇదన్న బతుకుతదా?"

ఆయన వంగి, ఆ మొక్కకున్న ఒక్కగానొక్క చిగురును గోటితో పుటుక్కున గిల్లేశాడు. "గిట్ల గిల్లితే గుబురైతది."

ఆమె మొక్కను ఎడమచేత్తో పొదివి పట్టుకుంది. తర్వాత లేచి, ఆయన మీసం కొసను రెండు వేళ్ళతో పట్టి ఒక్క గుంజు గుంజింది. ఆయన కెవ్వుమన్నాడు.

"గుబురైతది తియ్ సారూ, జర ఓపిక పట్టు."

బస్సంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. మొక్క మీద కొంగు కప్పి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అది బతికిందో లేదో నాకు తెలియదు. ఇప్పటికీ ఎవరైనా నాకు సలహా చెబుతుంటే, ముందు వాళ్ళ చేతులెక్కడున్నాయో చూస్తాను.