అరిగిన చక్‌కు అమ్మ చేసిన దవడలు

మా చిన్నప్పుడు... గుడియాత్తంలో మా ఇంటి ముందుగదిలోనే లేత్ మిషన్ ఉండేది. నాకన్నా వయసులో చాలా పెద్దది. అది తిరిగితే వంటింట్లో గరిటెలు గలగలమనేవి...

నాయనకు చూపు తగ్గాక దాన్ని నడిపింది అమ్మే. చీర మీద నాయన పాత చొక్కా తొడిగి, కొంగు నడుముకు బిగించి, ఇనుప కడ్డీల నుంచి నీళ్ళ పంపులకు షాఫ్టులు తీసేది. మా ఇల్లు గడిచింది ఆ షాఫ్టుల మీదే.

ఒకరోజు వేలూరు నుంచి పంపుల మేస్త్రీ వచ్చాడు. అమ్మ చేసిన షాఫ్టును బల్ల మీద దొర్లించాడు... ఒక కొస ఊగుతూ పోయింది.

"చక్ దవడలు అరిగిపోయినాయమ్మా. షాఫ్టును సరిగ్గా పట్టేదానికి లేదు. ఈ మిషన్‌ని కాయలాన్ కడకి ఏసేయ్" అన్నాడు.

చక్ అంటే లేత్‌లో కడ్డీని మూడు దవడలతో పట్టుకుని తిప్పే గుండ్రటి భాగం. కాయలాన్ కడ అంటే మా వైపు పాత ఇనుము కొట్టు. నాకు ఏడుపొచ్చింది. అమ్మకు మాత్రం ఒళ్ళు మండింది.

"శనివారం రాప్పా. ఇదే మిషన్‌లో చేసి చూపిస్తా."

ఆయన వెళ్ళాక నాయన నెమ్మదిగా అడిగాడు. "కొత్త దవడలు యాడ దొరకతాయి? ఈ చక్ చేసినోళ్ళే ఇప్పుడు లేరు గదా."

"దొరక్కపోతే చేస్తా" అంది అమ్మ.

పళ్ళికొండ లారీ షెడ్డు నుంచి మెత్తటి ఇనుప దిమ్మె తెచ్చింది. మూడు ముక్కలు కోసింది. మూడు రోజులు ఆకురాయితో రాసింది... అరచేతులు బొబ్బలెక్కాయి. నాయన ఒక్కో ముక్కనూ వేళ్ళతో తడిమి, "ఈడ ఇంకా వెంట్రుకవాసి ఎత్తు ఉండాది" అనేవాడు. ఆ వేళ్ళు ఒక్కసారీ తప్పు చెప్పలేదు.

తర్వాత ఆ ముక్కల్ని చక్‌కు బిగించి, తిరుగుతున్న ఆ చక్‌లోనే వాటి లోపలి అంచుల్ని షాఫ్టు కొలతకు కోసింది. చక్ ఎంత అరిగినా... తను తిరిగే తీరులోనే కోసుకున్న దవడలు కదా, షాఫ్టును సరిగ్గా నడిమధ్యన పట్టుకుంటాయి.

శనివారం మేస్త్రీ, షాఫ్టు ఎంత ఊగుతుందో ముల్లుతో చూపే కొలత డయల్ తనే తెచ్చుకున్నాడు. షాఫ్టు బిగించి చేత్తో తిప్పాడు. ముల్లు కదిలీ కదలనట్టుంది... నమ్మలేదు. విప్పి, మళ్ళీ బిగించి తిప్పాడు. ఈసారీ అంతే.

"సోమవారం నుంచి పని పంపిస్తానమ్మా" అన్నాడు.

"పంపప్పా. ఇంకోసారి ఈ ఇంట్లో కాయలాన్ కడ మాట మాత్రం ఎత్తొద్దు!"

ఇప్పుడు నేను వేలూరులో కంప్యూటర్‌తో నడిచే మిషన్ల దగ్గర పనిచేస్తున్నాను. ఒక భాగం అరిగితే చాలు, మొత్తం మార్చేయమంటారు. బాగుచేద్దాం అంటే నన్ను వింతగా చూస్తారు... చూడనీ. నేను అడగడం మానను.

"ఇది ఇక పనికిరాదు" అంటే ఒప్పుకోని మొండివాళ్ళు ఒకప్పుడు ఇంటికొకరు ఉండేవాళ్ళు... మీ ఇంట్లో ఎవరు? కింద రాయండి. వాళ్ళ మొండితనం గురించి వినాలనుంది.